టెక్సస్ గల్ఫ్ తీరం దేనిమీద బతుకుతోంది?

రొయ్యల చెరువు (భీమవరం)

అందరికీ నమస్కారం. మా ఉండి, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టే వనామీ రొయ్యలో చాలా భాగం అమెరికాకే పోతుంది. అక్కడ ఏ సుంకం మారినా ఇక్కడ గట్టు మీద కౌంటు ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చేది) మారుతుంది. మరీ తక్కువ ధరకు తెచ్చి కుమ్మరిస్తున్నారంటూ వేసిన డంపింగ్ వ్యతిరేక సుంకం 2005 నుంచి ఉండనే ఉంది. 2024 చివర్లో సబ్సిడీల పేరుతో మరొకటి వచ్చి చేరింది. మన ఎగుమతిదారుల్లో ఎక్కువమందికి అది 5.77 శాతం. 2025 ఆగస్టు 27న ఇవి కాక ఇంకో 50 శాతం అన్నప్పుడు మా చుట్టుపక్కల చాలామంది కొత్తగా సీడు (పిల్ల రొయ్యలు) వదలడానికే వెనకాడారు.

ఆ డంపింగ్, సబ్సిడీ కేసులు వేసింది గల్ఫ్ తీరంలో పడవల మీద రొయ్య పట్టేవాళ్లు, దాన్ని శుభ్రం చేసి అమ్మేవాళ్లు. వాళ్ల గురించి మాకు ఏమీ తెలియదు. ఆ తీరం అంటే చమురు బావులు, రిఫైనరీలు అనే విన్నాం. మరి అంత చమురు ఉన్నచోట వేట మీద, సాగు మీద బతికేవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారా? ఎలా బతుకుతున్నారు? హ్యూస్టన్, కార్పస్ క్రిస్టి వైపు ఉన్న మనవాళ్లు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

సముద్రం అంచు (గాల్వెస్టన్)

రొయ్యల చెరువు గారూ, మీరు అడిగినవాళ్లను నేను రోజూ చూస్తాను కాబట్టి ముందు నేను రాస్తాను.

ఇక్కడ చెరువులు చాలా తక్కువ. సముద్రంలో వల ఈడ్చి పట్టేదే ఎక్కువ. గోధుమ రంగు రొయ్య, తెల్ల రొయ్య అని ముఖ్యంగా రెండు రకాలు. పిల్ల రొయ్యలు ఉప్పు, మంచినీళ్లు కలిసే అఖాతాల్లో పెరిగి, తర్వాత లోపలి సముద్రానికి పోతాయి. అవి కాస్త పెద్దవి కావాలని మే మధ్య నుంచి జూలై మధ్య దాకా టెక్సస్ తీరంలో వేట ఆపేస్తారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ నుంచి ఉండే వేట నిషేధం లాంటిదే. పలాసియోస్, పోర్ట్ ఇసబెల్, బ్రౌన్స్‌విల్, పోర్ట్ ఆర్థర్ పడవలకు ప్రధాన రేవులు.

పడవ యజమానికి అన్నిటికంటే పెద్ద ఖర్చు డీజిల్. రాత్రంతా వల ఈడుస్తూ పోవాలి. కళ్లెదుట రిఫైనరీ చిమ్నీలు వెలుగుతుంటాయి. ఆ డీజిల్ ధర పెరిగితే పడవ రేవులోనే కట్టేసి ఉంటుంది. అమెరికాలో తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతే. అందులో పెద్ద వాటా మన దేశానిది, అందులోనూ ఆంధ్రాది. రేవులో పడవ వాళ్లకు దొరికే ధర ఆ దిగుమతి ధరను బట్టే నడుస్తుంది.

ఈ వేటగాళ్లలో వియత్నాం కుటుంబాలు చాలా ఉన్నాయి. 1975 తర్వాత శరణార్థులుగా వచ్చి, తెలిసిన పని కాబట్టి పడవలు కొనుక్కున్నారు. స్థానికులతో గొడవలయ్యాయి. 1979లో సీడ్రిఫ్ట్‌లో ఒక పీతల వేటగాడు కాల్పుల్లో చనిపోయాడు. తర్వాత కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా గాల్వెస్టన్ అఖాతంలోకి దిగి పడవలు తగలబెడతామని బెదిరించింది. 1981లో వియత్నాం మత్స్యకారుల సంఘం కోర్టుకెక్కితే, న్యాయమూర్తి గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్ క్లాన్ బెదిరింపులను అడ్డుకుంటూ ఉత్తర్వులిచ్చారు. అంత కష్టపడి నిలబెట్టుకున్న పడవలను ఈ రోజు ఆ కుటుంబాల్లో పిల్లలు నడపడం లేదు. కారణం ధర.

రొయ్యల చెరువు (భీమవరం)

చాలా కృతజ్ఞతలు. చదివాక మనసు బరువెక్కింది. మాకు మేత, కరెంటు, ఏరేటర్లు, వైట్ స్పాట్ తెగులు భయం. వాళ్లకు డీజిల్. ఇద్దరికీ ధర మీద పట్టు లేదు. ధర నిర్ణయించేది మధ్యలో కొనేవాళ్లు. ఇక్కడ కిలోకి యాభై రూపాయలు పడిపోయిన వారంలో అక్కడి హోటల్లో రొయ్యల పళ్లెం ధర తగ్గిందని ఎప్పుడైనా విన్నారా?

సముద్రం అంచు (గాల్వెస్టన్)

తగ్గదండి. పైగా తీరం పక్కనే ఉన్న హోటల్లో గోడ నిండా పడవల బొమ్మలు వేసి, దిగుమతి రొయ్య వడ్డిస్తే తినేవాళ్లకు తెలిసే దారి లేదు. పక్క రాష్ట్రం లూయిసియానాలో 2019 నుంచి దిగుమతి రొయ్యను వడ్డించే హోటళ్లు ఆ సంగతి చెప్పి తీరాలని చట్టం ఉంది. నా అభిప్రాయంలో సుంకం కన్నా ఇదే న్యాయమైన దారి. కొనేవాడికి తెలిసి కొంటే మీకూ నష్టం లేదు, ఇక్కడి పడవకూ కాస్త విలువ దక్కుతుంది.

పైపులైను (బేటౌన్)

నేను రిఫైనరీ పనిలో ఉన్నవాణ్ని. రొయ్య గురించి రాసినదంతా నిజమే కానీ, ఈ తీరాన్ని నిలబెట్టింది ఏదో కూడా చెప్పుకోవాలి.

1901 జనవరి 10న బోమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ గుట్ట మీద చమురు ఆకాశానికి ఎగజిమ్మింది. దానికి నాలుగు నెలల ముందే, 1900 సెప్టెంబర్‌లో, తుపాను గాల్వెస్టన్‌ను ఊడ్చేసింది. కనీసం 6,000 మంది చనిపోయారు. అప్పటిదాకా పత్తి ఎగుమతితో రాష్ట్రంలోకెల్లా సంపన్నమైన రేవు అది. ఈ రెండు సంఘటనల తర్వాత డబ్బు లోపలి ఊరైన హ్యూస్టన్ వైపు తిరిగింది. బేయూ అనే వాగును తవ్వి లోతు చేసి 1914లో ఓడల కాలువ తెరిచారు. ఈ రోజు ఆ కాలువ పొడవునా రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు. పోర్ట్ ఆర్థర్‌లోని మోటివా రిఫైనరీ ఒక్కటే రోజుకు 6 లక్షల బ్యారెళ్లకు పైగా శుద్ధి చేస్తుంది.

తర్వాతి మలుపు షేల్ గ్యాస్, అంటే రాతి పొరల్లోంచి తీసే గ్యాస్. దాంతోపాటు వచ్చే ఈథేన్ నుంచి ఇథిలీన్, దాన్నుంచి ప్లాస్టిక్. 2015 డిసెంబర్‌లో ముడిచమురు ఎగుమతిపై నిషేధం ఎత్తేశాక కార్పస్ క్రిస్టి దేశంలోనే పెద్ద ముడిచమురు ఎగుమతి రేవైంది. ఇక ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజ వాయువు. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే పరిమాణం 600 వంతుల్లో ఒక వంతవుతుంది, ఓడలో నింపవచ్చు. సబీన్ పాస్ నుంచి 2016 ఫిబ్రవరిలో మొదటి ఓడ కదిలింది. అది సబీన్ నదికి అవతల, లూయిసియానా గట్టున ఉన్నా పనివాళ్లలో చాలామంది ఇవతలి గట్టువాళ్లే. మన గెయిల్ సంస్థ అక్కడి నుంచి ఏటా 35 లక్షల టన్నులు కొనేలా 2011లోనే ఒప్పందం చేసుకుంది; 2018లో మొదటి సరుకు దాభోల్ చేరింది. కాబట్టి ఈ తీరానికీ మన దేశానికీ మధ్య రొయ్యలు ఒక వైపు, గ్యాస్ మరో వైపు ప్రయాణిస్తున్నాయి.

బడులు, రోడ్లు, ఆసుపత్రులు నడిచే పన్నుల్లో పెద్ద భాగం ఈ కర్మాగారాల ఆస్తి పన్నే. ఇవి లేకపోతే సాగు ఒక్కటే ఈ తీరాన్ని పోషించలేదు.

వరిదుబ్బు (ఈగిల్ లేక్ దగ్గర)

పైపులైను గారూ, పోషించలేదన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ సాగు ఏ కారణంగా తగ్గిందో కూడా చూడాలి. నేను వరి మీద పనిచేస్తాను. వార్టన్, కొలరాడో, మాటగోర్డా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మడుల్లోనే నా రోజులు గడుస్తాయి. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు ఈ నేల వెంటనే అర్థమవుతుంది: నల్లని బంకమన్ను, చదునైన పొలం, వంపులు తిరుగుతూ గట్లు, దూరంగా కాలువ. తేడా ఏమిటంటే నాట్లు ఉండవు. గింజను యంత్రంతోనో విమానంతోనో చల్లుతారు. మార్చి, ఏప్రిల్‌లో విత్తి జూలై చివర, ఆగస్టులో కోస్తారు. కోశాక దుబ్బులకు మళ్లీ నీళ్లు, ఎరువు పెడితే పిలకలు లేచి అక్టోబర్, నవంబర్‌లో రెండో కోత వస్తుంది. మన చెరకు రైతులు కార్శి అంటారే, అది వరిలో చేస్తారు. ఉత్తరాన అర్కన్సాస్‌లో చలి ముందే వస్తుంది కాబట్టి ఈ రెండో కాపు అక్కడి రైతుకు సాధ్యం కాదు. ఇక్కడి రైతుకు లాభం మిగిలేది చాలాసార్లు ఆ రెండో కాపులోనే.

ఇక్కడి వరికి జపాన్‌తో పాత బంధం ఉంది. 1903లో సైటో సైబారా అనే జపాన్ పార్లమెంటు మాజీ సభ్యుడు హ్యూస్టన్ పక్కన వెబ్‌స్టర్‌లో స్థిరపడి, జపాన్ నుంచి షిన్రికి విత్తనం తెప్పించి సాగు చేశాడు. ఇక్కడి దిగుబడులు పెరగడంలో ఆ విత్తనం పాత్ర పెద్దది. చమురు వచ్చాక వరి పోయిందని అనుకోవద్దు. చమురుతో వచ్చిన పంపులతోనే వరి విస్తరించింది. 1980 ప్రాంతంలో టెక్సస్‌లో 5 లక్షల ఎకరాలకు పైగా వరి ఉండేది. ఇప్పుడు 2 లక్షలు కూడా దాటడం లేదు.

ధర ఒక కారణం, ప్రభుత్వ కార్యక్రమాల మార్పు ఇంకొకటి. కానీ నా కళ్లముందు జరిగింది నీళ్ల కథ, అది కాస్త వివరంగా రాస్తాను.

కొలరాడో నది మీద ఆస్టిన్ దగ్గర ట్రావిస్, బ్యుకానన్ అని రెండు పెద్ద జలాశయాలు. వాటి నుంచి నీళ్లు దిగువకు వదిలితే చాలా దూరం పారి ఇక్కడి కాలువల్లోకి వస్తాయి. నది నీటిని చూసేది లోయర్ కొలరాడో రివర్ అథారిటీ. నగరాలు, విద్యుత్ కేంద్రాలు కొనేది ఎప్పుడైనా ఇచ్చి తీరాల్సిన నీరు. వరి రైతులు కొనేది కరవొస్తే ఆపే వీలున్న నీరు, కాబట్టి చవక. దశాబ్దాలపాటు ఆపాల్సిన అవసరం రాలేదు. 2011 టెక్సస్ చరిత్రలో అత్యంత పొడి సంవత్సరం. 2012 మార్చి 1 నాటికి రెండు జలాశయాల్లో కలిపి 8.5 లక్షల ఎకరపు అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 37 టీఎంసీలు, ఉంటేనే వరికి వదులుతామన్నారు. కొద్ది తేడాతో ఆ మట్టం అందలేదు. అథారిటీ చరిత్రలో మొదటిసారి చాలా మంది రైతులకు నీళ్లు ఆగాయి. 2013, 2014, 2015లోనూ అంతే. 1900 నాటి పాత హక్కు ఉన్న గార్వుడ్ కాలువ కింద మాత్రం వరి పండింది. ఒకే నది, ఒకే నేల, కాలువ పేరు మారితే చాలు, ఒకడికి పంట, పక్కవాడికి బీడు.

నాలుగేళ్లు వరి లేకపోతే రైతు ఒక్కడే పోడు. వడ్లు ఆరబెట్టే డ్రయ్యరు మూతపడుతుంది, విత్తనం చల్లే విమానం అమ్ముడవుతుంది, ట్రాక్టర్ల దుకాణం వెళ్లిపోతుంది. శీతాకాలంలో పొలాల్లో దిగే లక్షల బాతులు, పెద్దబాతుల కోసం వేటగాళ్లు వచ్చేవాళ్లు. నీళ్లు లేని పొలంలో పక్షి దిగదు, గదులు అద్దెకిచ్చే ఇంటికి ఆదాయం లేదు. నీళ్లు తిరిగొచ్చినా ఇవన్నీ తిరిగి రాలేదు.

కేటీ నివాసి

వరిదుబ్బు గారు రాసినది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మన తెలుగువాళ్లు వేలల్లో ఉంటున్న కేటీ ఒకప్పుడు వరి ఊరు. మా ఇళ్ల కాలనీలు లేచింది ఆ మడుల మీదే.

అడిక్స్, బార్కర్ అని రెండు వరద జలాశయాలు 1940ల్లో కట్టారు, హ్యూస్టన్ మధ్యభాగం మునగకుండా. మామూలు రోజుల్లో వాటిలో నీళ్లుండవు, చెట్లూ గడ్డే. కట్ట వెనక పూర్తిగా నిండితే నీళ్లు ఎంతదాకా వస్తాయో అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. ఆ మిగిలిన అంచు అప్పట్లో వరి పొలం, పశువుల మేత. నాలుగు రోజులు నీళ్లు నిలిచినా వరికి పోయేదేమీ లేదు. తర్వాత అక్కడే ఇళ్లు కట్టి అమ్మారు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు జలాశయం తన చోటు తాను తీసుకుంది, ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి నిలిచింది. 2019 డిసెంబర్‌లో కోర్టు, ఎగువన మునిగిన ఆ ఇళ్ల విషయంలో కేంద్ర ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. కొనేటప్పుడు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరని వీధి వీధినా విన్నాను. ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు బడి రేటింగు చూసినంత శ్రద్ధగా నేల ఎత్తు కూడా చూడాలని వేడుకుంటున్నాను.

కోనసీమ కొబ్బరి (అమలాపురం)

మంచి చర్చ. నాది ఒక ప్రశ్న. మా దగ్గర పాశర్లపూడిలో 1995 జనవరిలో బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. తోటల కింద గ్యాస్ ఉన్నా అది దేశానిది; రైతుకు వచ్చేది భూమి వాడుకున్నందుకు పరిహారం. టెక్సస్‌లో పొలం కింద చమురు పడితే రైతు కోటీశ్వరుడవుతాడని అంటారు. అది నిజమా?

పైపులైను (బేటౌన్)

కొంతవరకే నిజం. ఇక్కడ భూమి కింది ఖనిజానికి ప్రైవేటు యాజమాన్యం ఉంది. కంపెనీ కౌలు రాసుకుని, తీసిన చమురు, గ్యాస్‌లో వాటా ఇస్తుంది. పాత రోజుల్లో ఎనిమిదో వంతు, ఇప్పుడు మంచి చోట్ల నాలుగో వంతు దాకా. అయితే పై నేలనూ కింది ఖనిజాన్నీ విడివిడిగా అమ్ముకోవచ్చు. తాత ఖనిజం హక్కు ఉంచుకుని నేల అమ్మాడనుకోండి, నేల కొన్న రైతుకు బావి మీద పైసా రాదు. పైగా చట్టం ప్రకారం ఖనిజ హక్కుదే పైచేయి; తవ్వడానికి అవసరమైనంత మేర నేలను వాడుకునే వీలు వాళ్లకు ఇచ్చి తీరాలి. వాటాలు పంచుకుంటూ పోయి మూడో తరంలో వందల మంది వారసులు చెక్కులు అందుకునే బావులూ ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఈ తీరంలో ఉండరు.

ఉప్పుగాలి (కార్పస్ క్రిస్టి)

రైతుకు నిజంగా చేతికి డబ్బు అందిన చోటు ఒకటి చెబుతాను: గాలిమరలు. 2008–10 మధ్య కెనెడీ, శాన్ పట్రీసియో కౌంటీల్లో పెద్దవి లేచాయి. పశ్చిమ టెక్సస్‌లో గాలి ఎక్కువగా రాత్రిపూట వీస్తుంది, కరెంటు అవసరం తక్కువగా ఉన్నప్పుడు. ఇక్కడ సముద్రపు గాలి మధ్యాహ్నం తర్వాత, సరిగ్గా అందరూ ఏసీలు వేసుకునే వేళ పుంజుకుంటుంది. అందుకే తీరం గాలికి విలువ ఎక్కువ. మర కింద కొద్ది నేల పోతుంది, చుట్టూ పత్తి, జొన్న మామూలుగానే పండుతాయి, ఏటా అద్దె వస్తుంది. వాన పడని సంవత్సరం ఆ అద్దెతోనే బ్యాంకు వాయిదా కట్టిన రైతులు నాకు తెలుసు.

అవును, జొన్నే. ఇక్కడి ఎర్ర జొన్న మనుషుల తిండికి కాదు, పశువుల దాణాకు, ఓడలకెక్కి చైనాకు పోతుంది. 2018 ఏప్రిల్‌లో చైనా దాని మీద 178.6 శాతం డిపాజిట్ కట్టాలంది. సముద్రంలో ఉన్న ఓడలు దారి మళ్లాయి. నెల తిరిగేసరికి ఎత్తేసింది కానీ కొనేవాళ్లలో భయం మిగిలిపోయింది. రొయ్యల చెరువు గారు సుంకం గురించి రాసినది చదువుతుంటే ఇక్కడి జొన్న రైతు మాటే వింటున్నట్టుంది.

పత్తి సంగతి హార్వీకి ముందు, తర్వాత అని చెప్పుకోవాలి. 2017 ఆగస్టు 25 రాత్రి తుపాను రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. ఆ ఏడు పంట బ్రహ్మాండంగా ఉంది. తీసిన పత్తిని పొలం గట్టున పెద్ద దిమ్మెలుగా పేర్చి జిన్నింగు మిల్లు వంతు కోసం ఎదురుచూస్తున్నారు. గాలి వాటిని చీల్చి కంచెల మీద, కరెంటు తీగల మీద పరిచింది. పత్తి నష్టమే దాదాపు 10 కోట్ల డాలర్లని వ్యవసాయ విస్తరణ విభాగం లెక్కకట్టింది.

కొత్తగా వచ్చాను (హ్యూస్టన్)

ఎమ్మెస్ చదువుతున్నాను, కెమికల్ ఇంజినీరింగ్. ఈ తీరంలో పదేళ్ల తర్వాత కూడా ఉద్యోగాలుంటాయా?

పైపులైను (బేటౌన్)

ఉంటాయి, కానీ చమురు ధర పడినప్పుడల్లా తీసివేతలు తప్పవు. ప్రాసెస్ సేఫ్టీ (కర్మాగారంలో ప్రమాదాలు జరగకుండా చూసే పని), నీటి శుద్ధి నేర్చుకోండి. ధర పడినా ఆ పని ఆగదు. 2022 జూన్ 8న ఫ్రీపోర్ట్ ఎల్‌ఎన్‌జీ కేంద్రంలో పేలుడు జరిగి ఎనిమిది నెలలు మూతపడింది. మూత చాలాకాలం ఉంటుందని తెలిసిన రోజున అమెరికాలో గ్యాస్ ధర కూలింది, ఐరోపాలో ఎగసింది. ఒక్క పైపు విషయంలో అజాగ్రత్త అంత దూరం పోతుంది.

వరిదుబ్బు (ఈగిల్ లేక్ దగ్గర)

ఆ గ్యాస్ ధర మా పొలాల్లోకీ వస్తుంది. యూరియాకు మూలం అమ్మోనియా, అమ్మోనియాకు మూలం గ్యాస్. వడ్లు ఆరబెట్టే డ్రయ్యరుకూ గ్యాసే, బోరు పంపుకూ అదే లేదా కరెంటు. గ్యాస్ ఓడలెక్కి మంచి ధరకు పోతుంటే తీరానికి లాభం అంటారు. అదే ఏడాది వరి రైతు ఎరువు బిల్లు చూసి రెండో కాపు వదిలేస్తాడు. రెండూ ఒకే కౌంటీలో జరుగుతాయి.

ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను: బాస్మతి పేటెంటు గొడవ కూడా ఈ తీరానిదే. ఆల్విన్ పట్టణంలోని రైస్‌టెక్ కంపెనీకి 1997 సెప్టెంబర్‌లో బాస్మతి తరహా వంగడాలపై అమెరికా పేటెంటు ఇచ్చింది. మన దేశం సవాలు చేశాక పేటెంటులో కోరిన హక్కులు (క్లెయిములు) చాలా పోయి, 2001లో కొన్ని వంగడాలకే పరిమితమైంది. మన శాస్త్రవేత్తలు, అధికారులు పట్టు వదలకుండా సాధించిన గెలుపు అది.

ఉప్పుగాలి (కార్పస్ క్రిస్టి)

నీళ్ల గురించి వరిదుబ్బు గారు రాసినది మా ఊరికి ఇంకా కఠినంగా వర్తిస్తుంది. మాకు నీళ్లిచ్చే జలాశయాల్లో చోక్ కాన్యన్, లేక్ కార్పస్ క్రిస్టి ఉన్నాయి. ఏళ్ల తరబడి కరవుతో ఆ రెండూ అడుగంటాయి. ఇళ్లలో గడ్డికి నీళ్లు పెట్టొద్దని ఆంక్షలు. మరోవైపు రిఫైనరీలు, కొత్త ప్లాస్టిక్ కర్మాగారాలు చల్లబరచడానికి రోజంతా నీళ్లు తాగుతూనే ఉంటాయి. నీళ్లు ఉన్నాయని మాటిచ్చి పరిశ్రమలను పిలిచారు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మాత్రం ఏళ్లుగా వాదనల్లోనే ఉండిపోయింది. జనం తమ వాడకం తగ్గించుకుంటూ పరిశ్రమల వాడకాన్ని చూస్తూ కూర్చోవాలా?

పైపులైను (బేటౌన్)

ఉప్పుగాలి గారూ, కర్మాగారాన్ని కుళాయిలా కట్టేసి తిప్పలేం. అర్ధాంతరంగా ఆపడమే ప్రమాదం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు, గ్యాస్ రెండూ ఆగి కర్మాగారాలన్నీ ఒకేసారి నిలిచిపోయినప్పుడు మేమది చూశాం. ఆ తుపాను వల్ల రాష్ట్రంలో 246 మంది చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. పరిశ్రమ వాడిన నీటినే మళ్లీ శుద్ధి చేసి వాడాలి, దానికి డబ్బు పరిశ్రమే పెట్టాలి. దానికి నేను పూర్తిగా అనుకూలం. కానీ పరిశ్రమ వద్దంటే ఆ పన్ను ఎవరు కడతారు?

ఉప్పుగాలి (కార్పస్ క్రిస్టి)

వద్దనడం లేదండి. కరవు భారం పడే వరస మారాలంటున్నాను. ఇప్పుడు మొదట పోయేది రైతు నీరు, తర్వాత ఇంటి నీరు, చివరికి పరిశ్రమది. రియో గ్రాండే లోయ చూడండి. 1944 ఒప్పందం ప్రకారం మెక్సికో ఐదేళ్లకోసారి లెక్క చూసుకుని 17.5 లక్షల ఎకరపు అడుగుల నీరివ్వాలి. అది రాక, చెరకుకు తడి లేక, శాంటా రోసాలోని చక్కెర మిల్లు 2024లో మూతపడింది. టెక్సస్‌లో మిగిలిన చివరి చక్కెర మిల్లు అది, రైతుల సహకార మిల్లు. నది కింది చివర ఉన్నవాడి గోడు పైన వినిపించదు.

కోనసీమ కొబ్బరి (అమలాపురం)

శివారు ఆయకట్టు రైతు బాధ ఎక్కడైనా ఒకటే.

సముద్రం అంచు (గాల్వెస్టన్)

మొదటి ప్రశ్నకు మళ్లీ వస్తాను, ఎందుకంటే ఇదంతా రొయ్యకే చేరుతుంది. నది కింది చివర రైతు తర్వాత ఇంకొకరున్నారు: అఖాతం. పిల్ల రొయ్యలు, ఆల్చిప్పలు పెరగాలంటే మాటగోర్డా, శాన్ ఆంటోనియో, గాల్వెస్టన్ అఖాతాల్లోకి మంచినీళ్లు రావాలి. ఎగువన ప్రతి చుక్కా వాడేసుకుంటే అఖాతం ఉప్పెక్కుతుంది. ఆల్చిప్పలకు తెగుళ్లు, పీతలు తక్కువ. 2008–09 కరవు శీతాకాలంలో అరాన్సాస్ వన్యప్రాణి ఆశ్రయంలో అరుదైన హూపింగ్ కొంగలు చనిపోయాయి. వాటి ప్రధాన ఆహారం నీలి పీత. గ్వాడలూప్ నది నీటిని రాష్ట్రం ఇష్టానుసారం పంచిపెట్టడమే కారణమని కేసు వేస్తే 2013లో జిల్లా కోర్టు అవునంది, 2014లో పై కోర్టు కొట్టేసింది. నా మటుకు నాకు జిల్లా కోర్టు మాటే సబబు.

వరి పొలాల్లోంచి దిగువకు జారే నీరు కూడా ఈ అఖాతాలకే వచ్చేది. వరి నీళ్లు ఆపితే నగరానికి మిగులు అనుకుంటారు. పలాసియోస్ పడవవాడి ఆదాయంలోంచి కొంత పోయిందని ఎవరూ లెక్క రాయరు. మీ మీద కేసు వేసినవాళ్ల కోపం దిగుమతుల మీదికే వెళ్లింది కానీ, పిల్ల రొయ్య పెరిగే చోటు ఉప్పెక్కడం గురించి అంత గట్టిగా పోరాడి ఉంటే బాగుండేది.

రొయ్యల చెరువు (భీమవరం)

ఈ సమాధానం కోసమే అడిగాననిపిస్తోంది. మా దగ్గర వ్యవహారం తలకిందులు. చెరువుల ఉప్పు పక్క చేలోకి ఊరి వరి చౌడు బారుతోందని రైతులు గొడవ పడుతున్నారు, అందులో న్యాయం ఉంది. కొల్లేరు వైపు మురుగు కాలువల్లో చెరువుల నీరు, పొలాల నీరు కలిసి ఎవరిది ఎవరికి వెళుతుందో తెలియని పరిస్థితి. అక్కడ మంచినీళ్లు చాలక అఖాతం ఉప్పెక్కుతుంటే ఇక్కడ మేమే ఉప్పునీటిని మంచి నేల మీదికి తెచ్చుకుంటున్నాం.

వరిదుబ్బు గారూ, గార్వుడ్ కాలువ పాత హక్కు గురించి ఇంకా వివరంగా రాయగలరా? మా నీటి సంఘంలో కొత్త చెరువులకు అనుమతి మీద వచ్చే వారం సమావేశం ఉంది. ముందు నుంచీ వరి వేస్తున్న చేలకు మొదటి హక్కు అని తీర్మానం పెట్టాలనుకుంటున్నాను. నేను చెరువు రైతునే అయినా సరే.

వరిదుబ్బు (ఈగిల్ లేక్ దగ్గర)

తప్పకుండా. ఇక్కడి సూత్రం ఒక్కటే: నదిలోంచి ముందు వాడుక మొదలుపెట్టి నమోదు చేయించుకున్నవాడికి, కరవులో ముందు వంతు. గార్వుడ్ కాలువవాళ్లు 1900లోనే నమోదయ్యారు. తర్వాత అథారిటీ ఆ హక్కును కొన్నప్పుడు కూడా రైతుల నీటికి రక్షణ ఉండేలా ఒప్పందం రాయించుకున్నారు. కాబట్టి మీ తీర్మానంలో రెండు విషయాలు తప్పకుండా పెట్టండి. ఏ చేను ఏ సంవత్సరం నుంచి తడుస్తోందో సర్వే నంబరుతో సహా రాతపూర్వకంగా నమోదు. చెరువు అమ్ముడైనా, కౌలు మారినా ఆ షరతు భూమితోపాటే పోవాలని ఒక వాక్యం. మురుగు కాలువలోకి చెరువు నీరు వదిలే రోజులు కూడా అందులోనే రాసుకుంటే మేలు. కోత ముందు వదిలితే వరికి దెబ్బ. ముసాయిదా ఇక్కడ పెట్టండి, అందరం చూసి చెబుతాం.